జానెడు దారికి నెల్లాళ్ళ ప్రయాణం

మన ఇళ్ళల్లో రాయి అన్న మాటకు చాలా అర్థాలున్నాయి. అన్నంలో పంటికింద పడేది రాయి. ఎంత చెప్పినా లెక్క బుర్రకెక్కని పిల్లవాడు రాయి. అయితే నడివయసు దాటిన నలుగురు కూర్చున్నచోట "ఆయనకు రాయి వచ్చిందిట" అని ఎవరన్నా గొంతు తగ్గించి అంటే, అది ఏ రాయో వివరించనక్కరలేదు. విన్నవారిలో ఒకరు వెంటనే నడుంమీద చెయ్యి వేసుకుంటారు. ఆయనకు లోగడ వచ్చి వుంటుందన్నమాట.

రెండేళ్ళ క్రితం నేనూ ఆ కోవలో చేరాను. నేను వైద్యుణ్ణి కాను. ముప్ఫయి యేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయిన మేష్టర్ని. రాయి నన్ను పెట్టిన బాధ వర్ణించి పాఠకుల సానుభూతి సంపాదించాలని ఇది రాయడం లేదు. ఆ బాధ ఎరిగినవారికి చెప్పనక్కరలేదు. ఎరగనివారికి చెప్పినా తెలియదు. నేను చెప్పదలచింది వేరు. మూత్రనాళంలో ఇరుక్కున్న రాయిని కత్తీ, దుర్భిణీ లేకుండా, మందు ఇచ్చి దానంతట అది దిగివచ్చేలా చెయ్యవచ్చునా? చెయ్యవచ్చుననేవారి లెక్క ఏమిటి, కాదనేవారి లెక్క ఏమిటి? ఎంతకాలం కనిపెట్టుకు కూర్చోవచ్చు, ఎప్పుడు కూర్చోకూడదు? ఈ సంగతులు తెలియక కొందరు అనవసరంగా భయపడి ఆపరేషను బల్ల ఎక్కుతున్నారు. మరి కొందరు అనవసరంగా ధైర్యపడి ప్రాణంమీదికి తెచ్చుకుంటున్నారు. ఈ రెండోరకం వారిలో ఒకరిని మా వీధిలోనే చూశాను. ఆ కథ తరవాత చెబుతాను.

ముందు రాయి దిగే దారి ఎటువంటిదో చూద్దాం. మూత్రపిండం నుంచి మూత్రాశయం దాకా దిగే గొట్టాన్ని మూత్రనాళం అంటారు. దాని పొడవు 25 నుంచి 30 సెంటీమీటర్లు, అంటే జానకు కాస్త ఎక్కువ. లోపలి వెడల్పు 3, 4 మిల్లీమీటర్లు మాత్రమే. అంత సన్నని గొట్టంలోనూ మూడుచోట్ల మరీ ఇరుకు. పిండంనుంచి బయలుదేరేచోట ఒకటి. కాళ్ళకు పోయే పెద్ద రక్తనాళాలను దాటేచోట రెండోది. మూత్రాశయం గోడలోకి దూరేచోట మూడోది. ఈ మూడోదే అన్నిటికన్నా ఇరుకు. అంతదూరం వచ్చిన రైలు తీరా ఊరు చేరబోతూ స్టేషను బయట సిగ్నలు దగ్గర నిలబడిపోయినట్టు, చాలా రాళ్ళు ఇక్కడిదాకా వచ్చి ఆగిపోతాయి.

ఈ గొట్టం ఉత్త గొట్టం కాదు. దాని గోడలో కండరం వుంది. ఆ కండరం నిమిషానికి రెండు మొదలు ఆరుసార్ల వరకు పైనుంచి కిందికి అలలాగా ముడుచుకుంటూ మూత్రాన్ని కిందికి నెడుతూ వుంటుంది. అందుకే మనం తలకిందులుగా వేలాడినా మూత్రం మూత్రాశయానికే చేరుతుంది. రాయి అడ్డం పడేసరికి ఆ చోట కండరం బిగుసుకుంటుంది. దొంగను పట్టుకున్నవాడు పిడికిలి బిగించినట్టు రాయిని బిగించి పట్టుకుంటుంది. పాపం, వదిలేస్తే పోయేదాన్ని పట్టుకుని బాధపడుతుంది.

రాయి గుచ్చుకుని నొప్పి పుడుతుందని చాలామంది అనుకుంటారు. అసలు సంగతి అది కాదు. రాయి దారికి అడ్డం పడగానే వెనక మూత్రం నిలిచి పిండం ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకు ప్రోస్టాగ్లాండిన్లనే పదార్థాలు తయారవుతాయి. వాటివల్ల పిండానికి రక్తం మరింత వస్తుంది, మూత్రం మరింత ఊరుతుంది, ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. కాలవకు అడ్డుకట్ట పడిందని తెలిసి కూడా పైన తూములు ఎత్తినట్టన్నమాట. డైక్లోఫెనాక్ వంటి మందులు ఈ ప్రోస్టాగ్లాండిన్లను తయారు కానివ్వవు. అందుకే మూత్రశూలకు అవి తొలి మందు. (కడుపులో పుండు వున్నవారు, మూత్రపిండాలు దెబ్బతిన్నవారు వాటి జోలికి పోకూడదు. వారికి వేరే మందులున్నాయి.) నొప్పి వచ్చినప్పుడు బిందెలకొద్దీ నీళ్ళు తాగితే రాయి కొట్టుకువస్తుందని మనవాళ్ళలో గట్టి నమ్మకం వుంది. నాచేత కూడా చెంబులు చెంబులు తాగించబోయారు. అడ్డుకట్ట పడ్డ కాలవలోకి ఇంకా నీరు వదిలితే గట్లమీద బరువు పెరుగుతుంది గాని అడ్డు కదలదు. శూల ఉధృతంగా వున్నప్పుడు అట్లా తాగినంతమాత్రాన రాయి తొందరగా దిగదు. దాహానికి సరిపడా తాగితే చాలు. నీళ్ళ మహత్యం తరవాత వస్తుంది, రాయి మళ్ళీ పుట్టకుండా చూసుకునేటప్పుడు.

నాకు సూదిమందు ఇచ్చి నొప్పి తగ్గాక స్కానింగు తీశారు. "మేష్టారూ, రాయి 6 మిల్లీమీటర్లు. ఎడమవైపు, గొట్టం కింది భాగంలో వుంది" అన్నారు డాక్టరుగారు. మన వంటింటి కొలతల్లో చెప్పాలంటే ఆవగింజ రెండు మిల్లీమీటర్ల లోపు, పెసరగింజ నాలుగైదు, శనగగింజ ఎనిమిదీ ఆ పైనా. నాది పెసరకు పెద్ద, శనగకు చిన్న.

"ఇది సరిగ్గా పొలిమేరమీద వుంది" అన్నారాయన. "5 మిల్లీమీటర్ల లోపువి నూటికి 68 వాటంతటవే పడిపోతాయి. 5 నుంచి 10 దాకా వున్నవి నూటికి 47. అమెరికా, యూరపు మూత్రవ్యాధి వైద్యసంఘాలు 2007లో కలిసి తేల్చిన లెక్క ఇది. రాయి ఎంత కిందికి దిగి వుంటే అంత ఆశ. మీది కిందనే వుంది. మీ ముందు రెండు దారులున్నాయి. దుర్భిణి పెట్టి రాయిని పగలగొట్టి తీసెయ్యడం ఒకటి. మందు వాడుతూ నాలుగు వారాలు చూడడం రెండోది."

మా అమ్మాయి హైదరాబాదునుంచి ఫోనులో మొదటిదే మంచిదంది. "నాన్నా, ఒక్కరోజులో అయిపోతుంది గదా, నెల్లాళ్ళు ఆ బాధెందుకు?" అని దాని వాదం. అందులో న్యాయం లేకపోలేదు. ఇప్పటి దుర్భిణి సన్నది, నేర్పరులైన వైద్యులున్నారు, ఒళ్ళు కొయ్యనక్కరలేదు. 1980 ఫిబ్రవరిలో జర్మనీలోని మ్యూనిక్ నగరంలో బయటనుంచే అఘాతతరంగాలు పంపి రాయిని పొడిచేసే పద్ధతి కూడా మొదలై లోకమంతా వ్యాపించింది. అయినా ఆపరేషను ఆపరేషనే. మత్తు ఇవ్వాలి, తరవాత చాలామందికి కొన్నాళ్ళు లోపల గొట్టం వుంచాలి, డబ్బు ఖర్చు, ఒకరు దగ్గర వుండి కనిపెట్టుకోవాలి. మన సుశ్రుతుడు కూడా అశ్మరి లేతగా వున్నప్పుడు మందులతో చూడమనీ, ముదిరినప్పుడే శస్త్రం పట్టమనీ చెప్పాడు. నేను రెండోదారికే మొగ్గాను. డాక్టరుగారు చీటీ రాసి ఇచ్చారు. మందు పేరు టామ్సులోసిన్, 0.4 మిల్లీగ్రాముల కాప్సూలు, రోజుకు ఒకటి.

ఇంటికి తెచ్చాక మా ఆవిడ పెట్టెలోని కాగితం మడత విప్పి చదివింది. "ఏమండీ, ఇది రాయికి కాదండీ! ముసలివాళ్ళకు ప్రోస్టేటు వాస్తే ఇచ్చే మందుట!" అని గాభరాపడింది. ఆమె చదివింది నిజమే. ఈ మందు జపానులో తయారై 1993లో అక్కడి బజారుకు వచ్చింది. 1997లో అమెరికా ప్రభుత్వం దీన్ని ప్రోస్టేటు వాపుకే అనుమతించింది. ప్రోస్టేటు దగ్గర కండరాన్ని వదులు చెయ్యడం దాని పని. నరాలు ఊరించే ఒక పదార్థం కండరంమీద వున్న ఆల్ఫా గ్రాహకాలనే తాళంకప్పల్లో తాళంచెవిలాగా దూరి కండరాన్ని బిగిస్తుంది. ఈ మందు ముందుగానే ఆ కప్పల్లో దూరి కూర్చుంటుంది. చెవి పట్టదు, కండరం బిగుసుకోదు. అటువంటి కప్పలే మూత్రనాళంలోనూ వున్నాయి, అందులోనూ కింది భాగంలో దండిగా వున్నాయి. అంటే రాళ్ళు ఎక్కువగా చిక్కుకునే చోటే. ఇంకేం, వైద్యులకు ఆశ పుట్టింది. పిడికిలి వదులైతే పైనున్న మూత్రం ఒత్తిడికి రాయి కిందికి జారుతుంది గదా! ప్రోస్టేటు లేని ఆడవారికి కూడా రాయికోసం ఈ మందు ఇస్తున్నది అందుకే. కాగితంమీద రాసిన జబ్బు వేరు, వాడుక వేరు. అయితే డాక్టరు చూసి ఇస్తేనే సుమా. గర్భిణులు, పిల్లల సంగతి పూర్తిగా వైద్యుడి విచక్షణకు వదిలెయ్యాలి.

ఆశ వేరు, రుజువు వేరు. మందు మింగినవాడికి రాయి పడితే మందువల్లనే పడిందంటాడు. మింగకపోయినా పడేదేమో! నూటికి 68 వాటంతటవే పడిపోతున్నప్పుడు అరటిపండు తిన్నవాడికీ రాయి పడుతుంది, అష్టోత్తరం చదివినవాడికీ పడుతుంది. అందుకని వైద్యులు రోగులను చీటీలు వేసినట్టు విడదీసి సగంమందికి మందు, సగంమందికి అచ్చం దానిలాగే కనిపించే ఉత్తుత్తి మాత్ర ఇస్తారు. ఎవరికి ఏది ముట్టిందో ఇచ్చినవారికీ తెలియదు, పుచ్చుకున్నవారికీ తెలియదు. మా మేనకోడలు వైద్యవిద్యార్థిని. ఆ నివేదికలన్నీ అచ్చు తీసి తెచ్చి, "మామయ్యా, ఊరికే పడుకునేకంటే ఇవి చూడు, నీకు లెక్కలంటే ఇష్టం గదా" అని నా మంచంమీద పడేసింది. నిజం చెప్పొద్దూ, ఆ నెలలో నాకు దొరికిన ఒకే వినోదం అదే.

మొదటి అడుగు ఈ మందుతో పడలేదు. ఇటలీలో పార్మా నగరానికి చెందిన బోర్గీ అనే వైద్యుడు, ఆయన తోటివారు 1994లో నిఫెడిపిన్ అనే రక్తపోటు మందును ఇంకొక మందుతో కలిపి ఇచ్చి, రాళ్ళు బాగా పడుతున్నాయని ప్రకటించారు. 2002లో స్లొవాకియా వైద్యులు టామ్సులోసిన్‌తో అటువంటి ఫలితమే చూపారు. ఆ తరవాత చిన్న చిన్న పరీక్షలు చాలా జరిగాయి. 2006లో అమెరికా వైద్యులు అటువంటివి 9 పరీక్షలు, 693 మంది రోగుల లెక్కలు ఒకచోట కూడి, మందులు పుచ్చుకున్నవారిలో రాయి పడే అవకాశం 65 శాతం ఎక్కువని లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. ఇంకేముంది! దేశదేశాల్లో మందుచీటీలమీద టామ్సులోసిన్ పేరు ఎక్కింది.

లెక్కల మేష్టరుకు ఇక్కడే అనుమానం రావాలి. చిన్న పరీక్షలు తొమ్మిది కలిపితే పెద్ద పరీక్ష అయిపోదు. తొమ్మిదిమంది అరకొరగా లెక్క చేసి తెచ్చిన జవాబులకు సగటు తీస్తే సరైన జవాబు వస్తుందా? బ్రిటిషువారికి ఆ అనుమానమే వచ్చింది. 24 ఆస్పత్రుల్లో 1,167 మంది రోగులను చేర్చుకుని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు టామ్సులోసిన్, ఒక జట్టుకు నిఫెడిపిన్, మూడో జట్టుకు ఉత్తుత్తి మాత్ర. నాలుగు వారాల్లోపల వేరే చికిత్స అవసరం లేకుండా గట్టెక్కినవారు ఎంతమంది అని చూశారు. 2015లో వచ్చిన జవాబు: టామ్సులోసిన్ జట్టులో నూటికి 81, నిఫెడిపిన్ జట్టులో 80, ఉత్తుత్తి మాత్ర జట్టులోనూ 80! వైద్యలోకంలో పెద్ద దుమారం లేచింది. తొమ్మిదేళ్ళుగా ఇస్తూ వచ్చిన మందు వట్టి బూటకమా అన్నారు.

నేను ఆ నివేదిక రెండుసార్లు చదివాను. అందులో ఎక్కువమంది రాళ్ళు 5 మిల్లీమీటర్ల లోపువే. వాటంతటవే పడిపోయే రాళ్ళకు మందు ఇచ్చి మందు పనిచేసిందా అని అడిగితే ఏం తెలుస్తుంది? నూటికి తొంభై మార్కులు తెచ్చుకునే పిల్లవాడికి ట్యూషను పెట్టి, ట్యూషన్‌వల్ల లాభం లేదని తేల్చినట్టుంది. ట్యూషను పరీక్షించాలంటే ముప్ఫయి, నలభై మార్కుల దగ్గర కొట్టుకునేవాణ్ణి తీసుకోవాలి.

ఆ తరవాత జరిగినవి నా అనుమానాన్ని బలపరిచాయి. 2016లో ఆస్ట్రేలియావారు 403 మందిని చూశారు. అందర్నీ కలిపితే చెప్పుకోదగ్గ తేడా లేదు. కాని 5 నుంచి 10 మిల్లీమీటర్ల రాళ్ళున్నవారిని విడదీసి చూస్తే, మందు పుచ్చుకున్నవారిలో నూటికి 83 మందికి పడ్డాయి, పుచ్చుకోనివారిలో 61 మందికి. 2018లో అమెరికావారు అత్యవసర విభాగాలకు వచ్చిన 512 మందిని చూశారు; చాలావరకు చిన్న రాళ్ళు. అక్కడ 50కి 47, తేడా లేనట్టే. అదే ఏడు చైనావారి పెద్ద పరీక్ష వచ్చింది. గొట్టం కింది భాగంలో 4 నుంచి 7 మిల్లీమీటర్ల రాళ్ళున్న 3,296 మంది. మందుతో 86, మందు లేకుండా 79. అందులో 5 మిల్లీమీటర్లు దాటినవారిని మాత్రం లెక్కిస్తే 87కు 75. చిన్న రాళ్ళకు మందువల్ల ఒరిగిందేమీ లేదు. అదే సంవత్సరం కాక్రేన్ సంస్థవారు 67 పరీక్షలు, 10,509 మంది లెక్కలు జల్లెడపట్టి దాదాపు ఈ మాటే చెప్పారు: 5 మిల్లీమీటర్లు దాటిన రాయికి మందు సాయపడుతుంది, లోపుదానికి సాయం అంతంతమాత్రం. అమెరికా మూత్రవ్యాధి వైద్యసంఘం కూడా 2016లో, గొట్టం కింది భాగంలో 10 మిల్లీమీటర్లు దాటని రాయికి ఈ తరహా మందు ఇచ్చి చూడవచ్చునని సలహా రాసింది.

నా రాయి 6 మిల్లీమీటర్లు, కింది భాగం. చైనావారి లెక్క నాకు సరిగ్గా కొలత తీసి కుట్టినట్టుంది. నాబోటివారు నూరుమంది వుంటే, మందు లేకపోయినా 75 మంది గట్టెక్కుతారు. 13 మంది మందు మింగినా గట్టెక్కరు. మధ్యనున్న ఆ పన్నెండుమందికే మందు అక్కరకు వచ్చింది. మిగిలిన 88 మంది మింగినా మింగకపోయినా ఒకటే. ఇది మా ఆవిడకు వివరిస్తే, "ఆ పన్నెండుమందిలో మీరున్నారేమో, మింగండి ముందు" అని మంచినీళ్ళ గ్లాసు అందించింది. ఇంతకంటే మంచి తర్కం ఆ నివేదికల్లో నాకు కనిపించలేదు.

రోజూ రాత్రి భోజనమైన అరగంటకు కాప్సూలు మింగేవాణ్ణి. దాన్ని నమలకూడదు, విప్పి పొడి చేసుకోకూడదు. పుచ్చుకున్న కొత్తలో లేచి నిలబడితే కళ్ళు తిరుగుతాయి, రక్తపోటు కాస్త పడిపోవడంవల్ల. రాత్రి లేవవలసినప్పుడు ముందు మంచంమీద కూర్చుని, అంకెలు ఇరవైదాకా లెక్కపెట్టి అప్పుడు లేచేవాణ్ణి. మగవారికి వీర్యస్ఖలనంలో కొంత తేడా కనిపించవచ్చు. మందు ఆపితే అది పోతుంది. పెద్దవారు తెలుసుకోవలసింది మరొకటి వుంది. ఈ మందు వాడినవారికి కంటిశుక్లం ఆపరేషను సమయంలో కంటిపాప పొర వదులై డాక్టరుకు చిక్కు పెడుతుందని 2005లో కనుక్కున్నారు. కాబట్టి కంటి ఆపరేషనుకు వెళ్ళేవారు ఈ మందు ఎప్పుడైనా వాడివుంటే ముందే చెప్పాలి.

మా ఇంట్లో టీ వడపోసే జాలీ ఒకటి ఆ నెల శాశ్వతంగా స్నానాలగదికి బదిలీ అయింది. మూత్రం ప్రతిసారీ అందులోంచి పొయ్యాలి. రాయి పడితే దాన్ని పట్టుకుని పరీక్షకు పంపాలి. పగలంతా సరే, అర్ధరాత్రి కళ్ళు తిరుగుతూ చేతిలో జాలీ పట్టుకుని నిలబడడం ముప్ఫయియేళ్ళ ఉపాధ్యాయ వృత్తిలో నాకు అలవాటు కాని పని. పొద్దున్నే వంటింట్లోంచి "దిగిందా?" అని మా ఆవిడ, ఎనిమిదింటికి ఫోనులో "దిగిందా నాన్నా?" అని మా అమ్మాయి, పాలు తెచ్చే కుర్రాడు కూడా "దిగిందా మేష్టారూ?" అని. పరీక్ష ఫలితాలకోసం పిల్లలు నన్ను అంతగా అడగలేదు.

ఇక వీధి వైద్యం. ఎదురింటి మామ్మగారు ఉలవకట్టు పంపారు. ఒకాయన కొండపిండి ఆకు తెచ్చి పప్పులో వేసుకోమన్నాడు. మరొకాయన అరటిదూట రసం పరగడుపున తాగమన్నాడు. మన తాతముత్తాతలనుంచి వస్తున్న వాడుకలివి. టామ్సులోసిన్‌కు జరిగినంత పెద్ద విచారణ వీటికి జరగలేదు. డాక్టరుగారిని అడిగితే, "కూర కూరలాగా తినండి, చారు చారులాగా తాగండి. దానికోసం నా గడువు మాత్రం దాటించకండి" అన్నారు. ఉలవచారు నాకు మామూలుగానే ఇష్టం. రెండు పూటలా పోయించుకున్నాను.

గడువు అన్నారు గదా, అది ముఖ్యమైన మాట. అడ్డు పూర్తిగా పడి మూత్రం బొత్తిగా దిగకపోతే రెండు వారాలకే పిండం చెడడం మొదలవుతుంది. కొద్దిగా దారి వుంటే మరికొంతకాలం ఓర్చుకుంటుంది. అందుకే నాలుగు వారాలు, మహా అయితే ఆరు. అంతకు మించి చూడడం పద్ధతి కాదు. పోనీ ఆ నాలుగు వారాలైనా అందరికీ లేవు. జ్వరం, చలి వస్తే ఆ క్షణమే గడువు తీరినట్టు. మూత్రం బొత్తిగా రాకపోతే తీరినట్టు. మందు ఇచ్చినా నొప్పి ఆగకపోయినా, మందు నిలవకుండా వాంతులవుతున్నా తీరినట్టు. పుట్టుకతోనో ఆపరేషనువల్లనో ఒకే పిండం వున్నవారికి అసలు గడువే లేదు. డాక్టరుగారు ఇవన్నీ ఒక కాగితంమీద తెలుగులో రాయించి ఇచ్చారు. మా ఆవిడ దాన్ని పాలలెక్క కాగితం పక్కన, వంటింటి గోడకు అంటించింది.

పదిహేడోనాడు తెల్లవారుజామున జాలీలో టక్కుమని చప్పుడైంది. నల్లగా, గరుగ్గా, చూస్తే మిరియపుగింజలో ముక్క. ఇంతదానికా ఇంత రభస అనిపించింది. కాని డాక్టరుగారు రాయిని చూసి సంతోషించి ఊరుకోలేదు. మళ్ళీ స్కానింగు తీయించారు. కారణం వుంది. ఒక్కొక్కప్పుడు ముక్క పడి అసలుది లోపలే వుండిపోతుంది. మరొక చిత్రం: నొప్పి పోయినంతమాత్రాన రాయి పోయినట్టు కాదు. అడ్డు అట్లాగే వున్నా కొన్నాళ్ళకు నొప్పి ఆగిపోవచ్చు. రోగి తగ్గిందనుకుని తిరుగుతూ వుంటాడు, లోపల పిండం చడీచప్పుడూ లేకుండా ఎండిపోతూ వుంటుంది. నా గొట్టం ఖాళీగా వుందని తేలాకే కాప్సూలు ఆపమన్నారు.

మా వీధిలో జరిగిన సంగతి ఆ తరవాత ఆరునెలలకు. నాలుగిళ్ళ అవతల ఒక అమ్మాయి, ఇద్దరు పిల్లల తల్లి. ఆమెకూ రాయి వచ్చింది, ఆమెకూ ఇదే మందు ఇచ్చారు. నాకు దిగిందని వీధంతా తెలుసు గనుక ఆ ఇంట్లోవారు నిశ్చింతగా వున్నారు. ఆరోరోజు సాయంత్రం జ్వరం వచ్చింది. వర్షాకాలం, ఇంటింటా జ్వరాలే. పారాసిటమాల్ వేసి దుప్పటి కప్పారు. రాత్రి తొమ్మిదింటికి ఆమె అత్తగారు మజ్జిగకోసం మా ఇంటికి వచ్చి, "పిల్ల ఒకటే వణికిపోతోందమ్మా" అని మాటవరసకు అన్నారు. మా ఆవిడ మజ్జిగగిన్నె కింద పెట్టేసి గోడమీది కాగితం వంక చూసింది. "పిన్నిగారూ, ఇది ఊళ్ళో జ్వరం కాదు. ఇప్పుడే బయలుదేరదీయండి" అంది. పెద్దావిడ, పొద్దున్న చూద్దామంది. మా ఆవిడ చెప్పులు వేసుకుని తానే వెళ్ళింది. ఆటో పిలిచింది తానే. నేను వెనకాల టార్చిలైటు పట్టుకుని నడిచాను.

ఆస్పత్రికి చేరేసరికి ఆ అమ్మాయి రక్తపోటు పడిపోయింది, మాట తడబడుతోంది. రాయి వెనక నిలిచిన మూత్రంలో చీము పట్టి, ఆ విషం రక్తంలోకి ఎక్కింది. ఇటువంటప్పుడు ఎంత గొప్ప మందు ఎక్కించినా చాలదు. నిలిచినదానికి దారి ఇవ్వాలి. ఆ రాత్రికి రాత్రే రాయి పక్కనుంచి సన్నని గొట్టం పైకి పంపారు. పంపగానే చీము దిగిందిట. అప్పుడు రాయి జోలికి పోలేదు. జ్వరం పూర్తిగా తగ్గి ఒళ్ళు కుదుటపడ్డాక, కొన్ని వారాలకు దుర్భిణితో తీశారు. తొమ్మిదిరోజులు ఆస్పత్రిలో వుంది. ఇంకో నాలుగు గంటలు ఆలస్యమైతే ఏమయ్యేదో చెప్పలేమని అక్కడి డాక్టరు ఆమె భర్తతో అన్నాడు. ఆయన ఆ మాట నాతో చెబుతూ మధ్యలో ఆగిపోయి, చాలాసేపు గోడవంక చూస్తూ నిలబడ్డాడు.

నా రాయి పరీక్ష ఫలితం చెప్పడం మరిచాను. కాల్షియం ఆక్సలేటు. మనుషుల రాళ్ళలో ఎక్కువభాగం ఇవే. (యూరిక్ ఆమ్లపు రాళ్ళు వేరే జాతి, మూత్రంలో ఆమ్లగుణం తగ్గించే మందులిస్తే కరిగిపోతాయి కూడా. కాల్షియం రాయికి ఆ అదృష్టం లేదు.) కాల్షియం అన్న మాట చెవినబడగానే మా ఇంట్లో పాలు, పెరుగు బందు. పెరుగు లేకుండా తెలుగువాడికి భోజనం ముగిసేదెట్లా? మూడురోజులు చారన్నంతో లేచి, నాలుగోరోజు డాక్టరుగారి దగ్గరికి పోయాను. ఆయన నవ్వి పార్మా బోర్గీగారి ఇంకొక పరీక్ష సంగతి చెప్పారు. నిఫెడిపిన్‌తో మొదలుపెట్టిన ఆ బోర్గీగారే. 2002లో ప్రకటించిన ఆ పరీక్షలో, రాళ్ళు మళ్ళీ మళ్ళీ వచ్చే 120 మంది మగవారిని అయిదేళ్ళు చూశారు. కాల్షియం మాన్పించినవారికంటే, కాల్షియం మామూలుగా తింటూ ఉప్పు, మాంసం తగ్గించినవారికి రాళ్ళు తక్కువగా వచ్చాయి. తిన్న కాల్షియం కడుపులోనే ఆక్సలేటును పట్టుకుని బయటికి తీసుకుపోతుంది. అది లేకపోతే ఆక్సలేటు ఒంటరిగా రక్తంలోకెక్కి పిండానికి చేరుతుంది. అంతకుముందు 1996లో ఆయనే నీళ్ళ సంగతీ తేల్చారు. రోజుకు రెండు లీటర్లకు తగ్గకుండా మూత్రం పోయేటట్టు నీళ్ళు తాగినవారిలో అయిదేళ్ళకు నూటికి 12 మందికి రాయి మళ్ళీ వచ్చింది. మామూలుగా వున్నవారిలో 27 మందికి.

"పాలకూర తగ్గించండి, ఊరగాయ తగ్గించండి, మన ఎండలకు నీళ్ళు బాగా తాగండి, నిమ్మకాయ పిండుకోండి. పెరుగు మాత్రం మానకండి" అన్నారు డాక్టరుగారు. ఇంటికి వచ్చి చెప్పాను. మా ఆవిడకు పెరుగు సంగతి వెంటనే నచ్చింది. ఊరగాయ సంగతి ఇంకా ఆలోచిస్తోంది.